డ్యాష్‌బోర్డు మీద చౌడక్క నెమలి

ఈ కథ నాకు మొదట చెప్పినవాడు సోమందేపల్లి హైవే పక్కన పంచర్లు వేసే నాగప్ప. హిందూపురంలో ఇదే కథను ఇంకో రకంగా చెప్పుకుంటారని నాకు తెలుసు. అది ఆనంద్ పుట్టించిన కథ. ఆనంద్ అంటే కార్లకు సీటు కవర్లు, స్టిక్కర్లు వేసే షాపువాడు. పదకొండేళ్ల కిందట నా స్కూటరు సీటుకు కుట్టు వంకరగా వేసి, "కూర్చుంటే కనపడదులే పెద్దాయనా" అన్నాడు. ఆ మాట నేను మరిచిపోలేదు. అందుకని నాగప్ప చెప్పిందే చెప్తా.

శివకృష్ణది సోమందేపల్లి. పొద్దున ఆరింటికే కారు కడిగి, తుడిచి, బస్టాండు ముందర నిలిపేవాడు. ఆరున్నర అంటారు కొందరు. ఆరే. అంతకుముందు నాలుగేళ్లు లారీ తోలినాడు. ఒకసారి ఇరవై రోజులకు ఇల్లు చేరితే, కూతురు తల్లి కొంగు వెనక నక్కి "ఎవరొచ్చినారమ్మా?" అని అడిగింది. ఆ రోజే లారీ వదిలేసి, బెంగళూరులో ఒకాయన వాడి అమ్మిన కారు తెచ్చుకున్నాడు.

కారు ఇంజను గట్టిది. తంటా అంతా లోపలే. డ్యాష్‌బోర్డు మీద ఈ చివర నుంచి ఆ చివరకు ఒక నల్ల పట్టీ ఉండేది. కార్బన్ ఫైబర్ స్టిక్కరు అంటారు దాన్ని. నల్లగా, నేసినట్టు గళ్లు, పైన మెరుపు. మా పక్క ఎండకు దాని అంచు లేచింది. లేచిన అంచు కనపడితే మనిషి చెయ్యి ఊరుకుంటుందా? ముందు సీట్లో కూర్చున్న ప్రతివాడూ గోటితో ఇంత పీకినాడు. రొళ్ల అనే ఊరికి పెళ్లికి పోతూ ఒక పెళ్లికొడుకు, భయంతో పాపం, దారి పొడుగునా జానెడు పీకేసినాడు. దిగేటప్పుడు ఆ ముక్క జేబులో పెట్టుకుని పోయినాడంట కూడా.

అట్లుండగా, హైవే మీద కొత్తగా వచ్చిన కంపెనీవాళ్లకు అతిథులను తిప్పేదానికి నెల బాడుగకు ఒక కారు కావలసి వచ్చింది. చూసేదానికి ఉమాదేవి అనే ఆఫీసరమ్మ వచ్చింది. తలుపుల అనే ఊరి అమ్మాయి. అన్నీ తట్టి చూసే మనిషి.

"బండి బాగుంది శివకృష్ణా. లోపల మాత్రం కుబుసం విడిచే పాము మాదిరి ఉంది. వచ్చే సోమవారం మళ్లీ చూస్తా. నల్లగా, నున్నగా ఉండాలి. లేదంటే వేరే బండి పెట్టుకుంటాం."

బస్టాండు బాడుగలు వారానికి రెండు వస్తే ఎక్కువ. వేరే బండి పెట్టుకుంటే శివకృష్ణకు మళ్లీ లారీనే.

మంగళవారం హిందూపురం పోయినాడు, ఆనంద్ షాపుకు. ఆనంద్ పాత జిగురు గీకలేదు. దుమ్ము తుడవలేదు. దాని మీదనే కొత్త స్టిక్కరు పరిచి, వేడిగాలి కొట్టి, "పదేళ్లు కదలదు పో అబ్బా" అన్నాడు. సోమందేపల్లి చేరేలోపల ఒక బుడగ లేచింది. బాడుగ మీద పెనుకొండ చేరేలోపల పట్టీ అంతా పూరీ మాదిరి పొంగింది. వెనక సీట్లో ముసలాయన "తినేదేనా అప్పా అది?" అని అడిగినాడంట.

ఫోను చేస్తే ఆనంద్ "ఎండకు నేనేం చేసేది?" అన్నాడు. నా కుట్టుకూ అట్లే, నేను సరిగ్గా కూర్చోలేదన్నాడు.

శివకృష్ణ నాగప్ప దగ్గరికి పోయి కూలబడినాడు. నాగప్ప పట్టీ మీద చెయ్యి పెట్టి చూసినాడు.

"ఏమప్పా, గీకకుండా అతికిస్తే పంచరే నిలవదు, ఇది నిలుస్తాదా? అతికించే పని నాది. గుడ్డ సంగతి మీ అత్తనడుగు. ఇది చూస్తే నేత మాదిరి ఉండాది."

మేనత్త చౌడక్క ధర్మవరంలో పట్టుచీరలు నేస్తుంది. ఆమె చీరల అంచుల్లో నెమళ్లు వాన వచ్చే దిక్కుకు తల తిప్పుతాయి. ఆ వీధిలో అప్పడాలు ఎండబెట్టేముందు ఎవరో ఒకరు వచ్చి మగ్గం మీది చీర చూసిపోతారు. "ఏమంటాండాయి చౌడక్కా?" "పడమటికి చూస్తాండాయి, సాయంత్రానికి తీసేయండి." అంతే మాట.

బుధవారం శివకృష్ణ పట్టీ ముక్క తీసుకుపోయి అత్త చేతిలో పెట్టినాడు. ఆమె అద్దాలు పెట్టుకుని తిప్పి చూసింది. మళ్లీ తిప్పి చూసింది. ముఖం ఎర్రబడింది.

"శివా, ఇది నేత కాదురా. నేతకు ఫొటో తీసి అతికించినారు."

"అట్లనా అత్తా?"

"పోగేదిరా దీంట్లో? ఫొటోకు అన్నం పెడితే తింటాదా? ఊడక ఏం చేస్తాది? కూర్చో. ఇట్లాంటిదే నిజంగా నేసిస్తా."

మా పక్క నేతగాళ్లు మగ్గాన్ని ఎప్పుడూ ఖాళీగా పెట్టరు. చీర కోసినాక కొసలో కొంచెం పాత పోగులు వదిలి, కొత్త పోగులను వాటికే వేళ్లకు బూడిద అద్దుకుని నులిమి అతుకుతారు. ఆ రోజు మగ్గం మీద ఎర్ర పెళ్లిచీర కొస ఉంది. చౌడక్క జానెడు వెడల్పుకు నల్లపట్టు దానికే అతికింది. రెండు పోగుల పైన, రెండు పోగుల కింద, వరసకొక పోగు జరుగుతూ నేసింది. శుక్రవారానికి గుడ్డ దిగింది. స్టిక్కరు మీది గళ్లే, కానీ వెలుగు తగిలితే లోపల నీళ్లు కదిలినట్టుండేది.

ఆదివారం నాగప్ప పాత జిగురంతా గీకి, పెట్రోలుతో తుడిచి, ఉప్పుకాగితంతో గరుకు చేసినాడు. పంచరు బంక పూసి, చేతికి అంటనంత ఆరేదాకా ఎవరినీ ముట్టనియ్యలేదు. ఆరినాక గుడ్డ పరిచి, అరచేత్తో అదిమి, పైన వార్నిష్ రెండు పూతలు వేసినాడు. మూడని ఎవరన్నా అంటే నమ్మొద్దు.

పరిచే తొందరలో గుడ్డ కొస ఎవరూ చూసుకోలేదు, అంతా అయినాక చూస్తే పట్టీ ఎడమ కొసన, ముందు సీటు ఎదురుగా, బొటనవేలి గోరంత ఎర్ర నెమలి.

శివకృష్ణ అక్కడికక్కడే ధర్మవరానికి ఫోను చేసినాడు. "అత్తా! నల్లగా ఉండాలన్నారు కదా!"

"అంచు లేని గుడ్డ నా మగ్గం దిగదురా. యాభై ఏళ్ల చెయ్యి, నేను చెప్తే వింటాదా? చిన్నదే కదా, ఓ మూల కూర్చుంటాదిలే."

పీకితే గుడ్డంతా వస్తుంది. వార్నిష్ ఆరిపోయింది.

సోమవారం ఉమాదేవి కాగితాల అట్ట పట్టుకుని ముందు సీట్లోనే కూర్చుంది. పెనుకొండ వైపు పోనిమ్మంది. పోతూ పోతూ పట్టీ అంచును గోటితో గీకింది. లేవలేదు. గట్టిగా గీకింది. లేవలేదు. చివరకు వేలు నెమలి మీద ఆగింది.

"ఇదేంది?"

"మా అత్త నేసింది మేడం. ఆమెకు అంచు లేకుండా చేతకాదు."

"నేనడిగింది నల్లగా కదా?" అని కాగితం మీద 'రంగు తేడా' అని రాయబోయింది. 'రంగు' దాకా రాసింది. అప్పుడు వార్నిష్ కింద నెమలి మెల్లగా తల తిప్పి తూర్పుకు చూసింది.

వానొస్తాదని శివకృష్ణ అలవాటుగా కారు కిటికీల అద్దాలు ఎక్కించినాడు. ఆమె పెన్ను ఆపి అడిగింది:

"ధర్మవరం నేతనా?"

"అవును మేడం."

"మా అమ్మ పెళ్లిచీరకు ఇట్లాంటి నెమళ్లు మూడుండేవి. పెట్టెలో పెట్టేసి, వాటి మాట ఒక్కరోజూ వినలేదు." ఇంకోసారి నెమలిని చూసింది. "ఎంతసేపట్లో?"

"మెడ ఇంత తిప్పిందంటే గంటలోపల మేడం."

తూర్పున తలుపుల. అక్కడ ఉమాదేవి నాయన హనుమంతప్ప ఆరెకరాల చెనిక్కాయ చెట్లు పీకి కళ్లంలో వేసి ఉన్నాడు. ఉమాదేవి ఫోను తీసింది.

"నాయనా, యాడుండావు?"

"యాడుంటా, అరుగు మీద. ఏమమ్మా?"

"చెనిక్కాయలకు పట్టలు కప్పించు. వానొస్తాంది."

"ఆకాశం తుడిచిన పలక మాదిరి ఉండాది కదమ్మా! ఎవరు చెప్పినారు?"

"ధర్మవరం నెమలి."

"అట్లయితే సరే, కప్పిస్తా" అని పెట్టేసినాడు.

పెనుకొండలో టీ తాగి లేచేసరికి హనుమంతప్పే ఫోను చేసినాడు. మాట వినపడలేదు, రేకుల మీద వాన చప్పుడే వినపడింది. మధ్యలో "ఒక్క కాయ తడవలేదు" అని మాత్రం తెలిసింది.

ఉమాదేవి కాగితం తీసి 'రంగు' కొట్టేసింది. దాని పక్కన 'లోపల బాగుంది, నెమలిని తీయరాదు' అని రాసి సంతకం పెట్టింది.

ఇప్పుడు సాయంత్రం ఆరింటికి కారు ఇంటి ముందర ఆగుతుంది. శివకృష్ణ కూతురు ఎవరొచ్చినారని అడగదు. నేరుగా ముందు సీటెక్కి, "నెమలి యాపక్క చూస్తాంది నాయనా?" అని అడుగుతుంది.

హిందూపురంలో మాత్రం ఆనంద్ తన షాపు ముందర 'నెమలి డ్యాష్‌బోర్డు, మొట్టమొదట చేసినవారు ఆనంద్' అని స్టిక్కరు అతికించినాడు. అతని నెమళ్లు ఏడాదంతా ఎదురుగా ఉన్న టీ కొట్టునే చూస్తుంటాయి. నాకు సంతకం దాటి రాయడం రాదు, లేకుంటే నేనే పోయేవాణ్ణి. ఆ పక్క పోయేవాళ్లలో చదువుకున్నవాళ్లెవరన్నా ఆ పేరు తీసేసి చౌడక్క పేరు, కింద నాగప్ప పేరు పెట్టండి. స్టిక్కరు వద్దు. గోడ బాగా గీకి, రంగుతో రాయండి.