మాస్టారి తాళంకప్ప

జిగురు గరిటె తిప్పుతూనే బైండరు వీధి వైపు చూశాడు. మాస్టారు రానే వచ్చాడు. చంకలో సంచీ, సంచీలో గుడ్డ, గుడ్డలో పుస్తకం, జేబులో తాళంకప్ప.

రిటైరైన సైన్సు మాస్టారాయన. పేరుమోసిన శాస్త్రవేత్తలు తాము చదువుకుని, అంచుల్లో పెన్సిలుతో రాతలు రాసుకున్న పుస్తకాలు పోగుచేయడం ఆయనకు పిచ్చి. పెళ్లీ పెటాకులూ లేవు. మనిషి మాత్రం ఆవులిస్తే పేగులు లెక్కపెట్టే రకం. ఒకప్పుడెవడో బైండరు అలవాటుకొద్దీ అంచులు కోసి సాపుచేసి, ఓ మహానుభావుడి రాతలన్నీ చెత్తబుట్టపాలు చేశాడు. అప్పట్నుంచీ ఆయన లెక్కలో బైండర్లందరూ దొంగలే.

"ఆ కోత మిషను మీద గోతం కప్పవయ్యా," అన్నాడు స్టూలు లాక్కుంటూ.

"కప్పానండీ."

"కత్తి?"

"సొరుగులో ఉందండీ."

బైండరు నడుం వంచి, కుట్టు ఊడిన కాగితాల మడతలు, అంటే ఫారాలు, ఒక్కొక్కటే కుట్టసాగాడు. సూది పట్టీ పట్టీ వేలికొసలు కాయలు కాశాయి. మాస్టారు మెడ సాచి, కళ్లలో వత్తులు వేసుకుని చూస్తున్నాడు.

"ఇన్నేళ్లలో ఒక్క కాగితమైనా పోయిందా మాస్టారూ?"

"పోలేదు కాబట్టే అనుమానం. గట్టి దొంగ ముందు నమ్మకం సంపాదిస్తాడు."

మధ్యాహ్నం వెనకింట్లో అన్నం వడ్డిస్తూ భార్య మండిపడింది. "అంత అనుమానమైతే ఆయన్నే కుట్టుకోమనండి. మీకసలు రోషం లేదూ?"

ఎందుకు లేదు? కంచం పక్కకి నెట్టాడు. "ఒక్కసారి ఆ పుస్తకం నా మీద వదిలి వెళ్లాలే. నాకదే చాలు," అన్నాడు.

సాయంత్రానికి కుట్టు పూర్తయింది. పుస్తకం వీపుకి జిగురు పట్టించి, దాన్ని చెక్కల మధ్య పెట్టి ప్రెస్సులో బిగించాడు. తెల్లారేదాకా ఆరాలి. ఎప్పుడూ ఇక్కడే మాస్టారు లేచి, ప్రెస్సు పిడికి తన తాళం వేసి, రెండుసార్లు లాగి చూసి, తాళంచెవి జేబులో వేసుకుని పోతాడు.

ఇవాళ లేవలేదు. గోడకి తల ఆనించి కళ్లు మూసుకున్నాడు. తాళంకప్ప ఒళ్లోనే ఉంది, చెవి దానికే ఉంది.

బైండరు గుండె పొంగిపోయింది. వెనక్కి పరుగెత్తాడు. "ఏమేవ్, ఇలా రా! చప్పుడు చెయ్యకు. మాస్టారు నిద్రపోయాడే. నన్ను నమ్మి నిద్రపోయాడు!"

భార్య వచ్చి చూసింది. మాస్టారి చెయ్యి పట్టుకుంది. "అయ్యో, నిద్ర కాదండీ," అంది.

చీకటి పడుతుండగా కబురందుకుని మాస్టారి మేనకోడలు వచ్చి ఆయన్ని తీసుకెళ్లింది. బైండరు కళ్లు తుడుచుకుని, "పుస్తకం ఇంకా ఆరలేదమ్మా," అన్నాడు.

"మీ దగ్గరే ఉంచండి బాబాయ్, దానికేం!" అందామె. ఏ పుస్తకమని కూడా అడగలేదు.

కొట్టు మూసేముందు బైండరు స్టూలు దగ్గర మిగిలిపోయిన ఆ తాళంకప్ప తీసుకుని ప్రెస్సు పిడికి వేశాడు. రెండుసార్లు లాగి చూశాడు. చెవి మాత్రం స్టూలు మీద పెట్టాడు, మాస్టారు కూర్చున్న చోట.