గాలికి డొప్పెడు అంబలి

ఇలా దగ్గరికి రండర్రా. పలకలు సంచుల్లో పెట్టేసి, కాళ్లు ముడుచుకుని కూర్చోండి. గుమ్మంలో ఎవరూ నిలబడకండి, వెలుతురుకి అడ్డం.

అరకు అవతల, కొండ నడినెత్తిన ఒక ఊరుంది. ఆ ఊళ్లో చిట్టెమ్మ పొద్దున్నే లేచి, వాకిలి ఊడ్చి, రాగిపిండితో చోడంబలి కాచి, మొదటి డొప్పెడు గాలికి పెట్టేది. అడ్డాకు డొప్ప అరుగు మీద ఉంచి తన పనిలో తానుండేది. గాలి వచ్చి, తాగి, డొప్ప బోర్లించి పోయేది. ఆమె తల్లి నాటినుంచీ అంతే. అంబలి మరీ పులిసిన రోజున ఇంటికప్పు నుంచి రెండు గడ్డిపరకలు లాక్కుపోయేది. సామలు నూర్చే రోజుల్లో ఊరంతా గుట్టమీది కళ్లంలో చేటలెత్తితే, తిన్నందుకు సాయం చేసినట్టు పొట్టునంతా ఊదిపెట్టేది.

రెండువేల రెండులో గాలిమరలు పెడతామని ఒక కంపెనీ వచ్చింది. కళ్లమున్న గుట్ట మీద స్తంభం పాతి ఏడాదిపాటు కొలిస్తే బోలెడంత గాలి. పక్కనున్న బోడిగుట్ట మీద ఆకు కదిలితే ఒట్టు. అందుకని కళ్లమే కావాలన్నారు.

ఊరు రెండుగా చీలింది. కరెంటొస్తుంది, పనులొస్తాయని కిందివీధి. సామలు ఎక్కడ తూర్పారబట్టుకోవాలని పైవీధి. వియ్యంకులు సంతలో ఎదురుపడితే కూరగాయలతో మాట్లాడుకునేవారు గానీ ఒకళ్లతో ఒకళ్లు మాట్లాడేవారు కాదు. చిట్టెమ్మ ఒక్కగానొక్క కొడుకు భీముడు ఆ స్తంభానికి కాపలాదారు. కిందివీధి తరఫున గట్టిగా మాట్లాడేదీ వాడే. మాటామాటా పెరిగి, నీ ఇంట గంజి ముట్టనని మేనమామ సోంబరు ఇంటికి పోయాడు. నాలుగు నెలలైంది. చిట్టెమ్మ మాత్రం వాడి వంతు పిండి తగ్గించలేదు. రోజూ కుండ అడుగున అంబలి మిగిలిపోయేది.

గ్రామసభ పెట్టి చేతులెత్తిస్తామని కబురొచ్చింది. కంపెనీ ఇంజినీరు లాజరస్ నిదానస్తుడు. సభకి ముందు మరొక్కసారి చూద్దామని బోడిగుట్ట మీదా ఒక స్తంభం పాతించాడు.

కట్టెలకని అటు వెళ్లిన చిట్టెమ్మ తలెత్తి చూసింది. స్తంభం కొసన మూడు గిన్నెలు. కదలకుండా ఉన్నాయి. కింద కాపలాకి భీముడు కూర్చునున్నాడు.

"ఏటిరా, ఆ గిన్నెలు ఎవులికి?"

"గాలికే. దాన్ని కొలవడానికి."

"తిండెట్టకుండా దాని బలం కొలుత్తారా? సుట్టాన్ని పిలిసి ఖాళీ గిన్నెలు సూపిత్తారేటి? సిగ్గు నేదేటిరా మీకు?"

నాలుగు నెలల్లో తల్లీకొడుకులు మాట్లాడుకున్నది అంతే.

మర్నాటినుంచి చిట్టెమ్మ మరో డొప్ప పట్టుకుని బోడిగుట్ట ఎక్కేది. కళ్లం సంగతి ఆమె మనసులో లేదు. తన ఇంటి చుట్టానికి పరాయి వాకిట్లో పరువు పోకూడదు, అంతే. మూడోనాటికి గిన్నెలు కదిలాయి. వారం తిరిగేసరికి గిర్రున తిరిగాయి. ఇదీ సంగతని భీముడు ఉన్నదున్నట్టు చెబితే, ఏ వేళకి పెడుతున్నదీ లాజరస్ రాసుకున్నాడు.

సభలో ఆయన, కళ్లం అక్కర్లేదు, బోడిగుట్ట చాలు, అయితే అంబలి మాత్రం ఏ రోజూ తప్పకూడదు అన్నాడు. రెండు వీధులూ చేతులెత్తాయి.

వానలు పడ్డాక చిట్టెమ్మ మోకాళ్లు వాచాయి. ఒక పొద్దున డొప్ప చేత్తో పట్టుకుని వాకిట్లోనే నిలబడిపోయింది. భీముడు వచ్చి కంచె దగ్గర ఆగాడు.

"అమ్మా, ఇలాగియ్యి. నాను ఎక్కుతాను."

ఆమె లోపలికెళ్లి ఇంకో డొప్ప నింపుకొచ్చింది.

"ఒకటి సాలు గదా," అన్నాడు వాడు.

"ఒకటి దానికి. ఇది నువ్వు కూకుని తాగు. ఆకలి మొకంతో ఎల్లి ఎట్టినోడి సేతి కూడు అది ముట్టదు."

భీముడు అరుగు మీద కూర్చున్నాడు. గాలి చూరు కింద ఆగి, వాడు మూతి తుడుచుకునేదాకా కాచుకుంది. ఆ తరవాత వాడి వెనకే గుట్ట ఎక్కింది.

ఇక లేవండి. మీ ఇళ్లలో కుండలు దింపే వేళైంది. చేతులు కడుక్కుని కడుపునిండా తినండి, పొండి.