వంకర పన్ను దువ్వెన

పెద్ద వరద వచ్చిపోయిన పదకొండో ఏడు అది. ఎండలు ముదురుతున్నాయి. కుక్కలు ఒంటి మీది పాత బొచ్చు వదిలే కాలం.

దువ్వెన బాబాయ్ ఆ ఉదయం నాలుగో కుక్కను బల్ల మీద నుంచి దింపి, ముంజేతి మీది వెంట్రుకలను ఉఫ్‌మని ఊదాడు. అవి గాల్లో ఒక చుట్టు తిరిగి ఆయన మీసం మీదే వాలాయి. ముప్పై ఏళ్లుగా ఇదే వరస. ఆయన చొక్కాకు అసలు రంగు ఏమిటో ఇంట్లోవాళ్లే మరిచిపోయారు.

కుక్కలకు స్నానం చేయించే దుకాణం అది. వెనక గది ఆయనది. నడుమెత్తు బల్ల, దాని మీద రబ్బరు చాప, ఒక కిటికీ, గోడ మీద వరద నీళ్లు గీసిపోయిన మట్టి గీత. ఆ వరదలో సామానంతా కొట్టుకుపోయినా, తలుపు సందులో ఇరుక్కుని ఆయన దువ్వెన ఒక్కటే మిగిలింది. చెక్క పిడి, ఇనుప పళ్లు. మూడో పన్ను మాత్రం పక్కకు వంగింది. ఆయన దాన్ని సరిచేయలేదు. మొండి చిక్కు ఆ పన్నుకే లొంగుతుందని ఆయన నమ్మకం. ఆ దువ్వెనను ఇంకొకరిని ముట్టుకోనిచ్చేవాడు కాదు. రాత్రి ఇంటికి వెళ్లేటప్పుడు కూడా చొక్కా జేబులోనే ఉండేది.

రోజుకు ఇరవై మాటలు మాట్లాడితే ఎక్కువ. అందులో పదిహేను కుక్కలతోనే. అందుకే, కుడిచేతి బొటనవేలు నెల రోజులుగా వంగనంటోందన్న సంగతి ఆయన ఎవరికీ చెప్పలేదు.

"బాబాయ్, నీ కోసమే వచ్చారు," అంటూ దుకాణం అమ్మాయి తలుపు తీసింది. చనిపోయిన స్నేహితుడి కూతురు ఆమె. తండ్రి తర్వాత దుకాణం తనే నడుపుతూ, వేరే దువ్వెనతో బాబాయ్ దగ్గరే పని నేర్చుకుంది.

ఒక దర్జీనీ, అతని భార్యనూ ఈడ్చుకుంటూ ఒక తెల్ల కుక్క లోపలికి వచ్చింది. దూదిమూటకు కాళ్లు మొలిచినట్టుంది. పేరు పిండి. అది ఒళ్లు విదిలించగానే గదిలో పేరుకు తగ్గట్టే పిండి చల్లినట్టయింది.

"గుండు కొట్టేయండి, పెద్దాయనా," అన్నాడు దర్జీ, కూర్చోకుండానే. "నున్నగా ఉండాలి. ఒక్క వెంట్రుక కనపడకూడదు."

"నిన్ను చూసి నేర్చుకోమను," అంది భార్య.

దర్జీ బట్టతల తడుముకున్నాడు. అతను కుట్టేది లాయర్ల నల్లకోట్లు. ఈ నెలలో తెల్ల బొచ్చు అంటిందని మూడు కోట్లు వెనక్కి వచ్చాయి. ఒక లాయరు వాదించడానికి లేస్తే, గొర్రెను చంకనెత్తుకుని వచ్చారా అని జడ్జిగారు అడిగారట.

"దీనితో తల ప్రాణం తోకకొచ్చింది బాబాయ్," అంది ఆమె. "ఇవాళ బొచ్చు సంగతి తేలకపోతే రేపు పొద్దున్నే మా తమ్ముడొచ్చి కలప డిపోకి కాపలాకి తీసుకుపోతాడు. ఇది అక్కడ దొంగలొస్తే తోకూపుతుంది. దీన్ని గొలుసుకి కట్టేస్తారు." ఆమె వంగి పిండి మెడ నిమిరింది.

బాబాయ్ కుక్కను బల్లెక్కించాడు. బొచ్చును పాయలుగా విడదీసి చర్మం చూశాడు. ఎరుపు లేదు, పుండు లేదు, ఎక్కడా బొచ్చు ఊడిన నున్నటి మచ్చ లేదు. చెవుల వెనక, తొడల వెనక మాత్రం మెత్తటి బొచ్చు ఒత్తిన ఉన్నిలా అట్టకట్టింది.

"రోగం కాదు," అన్నాడు. "కాలం."

"మరి గుండు?"

"వద్దు నాయనా. పైన పొడుగు బొచ్చు, లోపల మెత్తటి బొచ్చు. పైది దానికి గొడుగు. తీసేస్తే ఎండకు ఒళ్లు కాలుతుంది. మళ్లీ సరిగ్గా మొలుస్తుందన్న నమ్మకం కూడా లేదు. ఊడేది లోపలిది. ఊడింది బయటికి రావాలి, అంతే."

దుకాణం అమ్మాయి నోరు తెరుచుకుని చూసింది. బాబాయ్ ఒక్క దమ్ములో అన్ని మాటలాడటం ఆమె ఎప్పుడూ వినలేదు.

"నేను రోజూ దువ్వుతూనే ఉన్నానండీ," అన్నాడు దర్జీ.

"దేనితో?"

దర్జీ సంచిలోంచి చెక్క వీపున్న మెత్తటి బ్రష్షు తీశాడు. కుచ్చులన్నీ తెల్లబడి ఉన్నాయి.

"కోట్లు దేనితో దులుపుతావు?"

భార్య మెల్లగా మొగుడి వైపు తిరిగింది.

"దీంతోనే," అన్నాడు దర్జీ. "మంచి బ్రష్షు కదా అని."

ఆమె ముందు నుదురు కొట్టుకుంది. తర్వాత నవ్వు ఆపుకోలేక బల్ల కాలు పట్టుకుని కిందే కూర్చుంది. "పొద్దున దీన్ని దువ్వి, మధ్యాహ్నం లాయరుగారిని దువ్వుతున్నావా? జడ్జిగారు అడగరూ మరి!" దుకాణం అమ్మాయి గోడకు తిరిగి నవ్వింది. ఎందుకో తెలియకపోయినా పిండి కూడా తోక ఊపింది. బాబాయ్ మీసం ఒక పక్కకు కదిలింది. ఆయన నవ్వు అంతే.

పని మొదలైంది. పొడి ఒంటి మీదే దువ్వాలి. ముందే తడిపితే అట్ట ఇంకా బిగుస్తుంది. ఒక పాయ ఎత్తి, దాని కింద దువ్వి, పక్క పాయకు వెళ్లాలి. మెత్తటి బొచ్చు మబ్బుతునకల్లా ఊడి వస్తోంది. పిండి కళ్లు అరమూసింది. నడుము దాటేసరికి బాబాయ్ చేతిలోంచి దువ్వెన జారింది. తీసుకున్నాడు. మళ్లీ జారింది.

ఆయన ఒక క్షణం బొటనవేలి వంక చూసుకున్నాడు. తర్వాత దువ్వెనను దర్జీ ముందు పెట్టాడు.

"పట్టు."

దుకాణం అమ్మాయి నవ్వు అక్కడే ఆగిపోయింది.

"నాకేం తెలుసండీ?" అన్నాడు దర్జీ.

"బట్ట నేత ఎటుందో వేలికి తెలుస్తుందిగా నీకు. ఇదీ అంతే. బొచ్చు పడుకున్న వైపుకే. చర్మం గీరకు."

దర్జీ వేళ్లు మొదట తడబడ్డాయి. రెండో పాయకు దారి తెలిసింది. నాలుగో పాయకు, నల్లకోటు అంచు మడిచినంత నెమ్మదిగా, సూటిగా పోయింది చెయ్యి. బాబాయ్ పక్కన నిలబడి చూశాడు. ఇంత మంచి చెయ్యి ఆయన చాలాకాలంగా చూడలేదు.

గంటన్నరకు బల్ల పక్కన ఇంకో కుక్కంత బొచ్చు పోగుపడింది. పిండి దాన్ని వాసన చూసి గుర్రుమంది. గోరువెచ్చని నీళ్లతో స్నానమైంది. తుడిచి, ఆరబెట్టి, మళ్లీ దువ్వారు.

"రోజూ సాయంత్రం కాసేపు, ఇంటి బయట," అన్నాడు బాబాయ్. "స్నానం రోజూ వద్దు. ఒళ్లు ఎండిపోయి ఇంకా రాలుతుంది. నున్నటి మచ్చలు కనపడితే మాత్రం పశువుల డాక్టరు దగ్గరికి పరుగెత్తు."

దర్జీ భార్య సంచిలోంచి వెనక్కి వచ్చిన నల్లకోటు ఒకటి తీసింది. తడిగుడ్డతో శుభ్రంగా తుడిచి బల్ల మీద పరిచింది. పిండిని దాని మీద పడుకోబెట్టి, అటూ ఇటూ దొర్లించి, దింపింది. కిటికీ దగ్గరికి తీసుకెళ్లి కోటుకంటిన వెంట్రుకలను వేలు పెట్టి లెక్కపెట్టింది.

"ఏడు," అంది. ఇంకోసారి లెక్కపెట్టింది. "ఏడే."

అప్పటికప్పుడే ఫోన్ తీసింది. "ఒరేయ్ తమ్ముడూ, రేపు రావద్దు. నీ కలపకు నువ్వే కాపలా పడుకో."

వెళ్లేటప్పుడు దర్జీ దువ్వెన తిరిగి ఇవ్వబోయాడు. బాబాయ్ అతని వేళ్లను దాని మీదే మూసి, రెండో చేతిలోని కోటు బ్రష్షు మాత్రం లాక్కున్నాడు.

"ఇది నీ దగ్గరుంటే మళ్లీ పొరపాటు చేస్తావు," అన్నాడు.

వాళ్లు వెళ్లాక దుకాణం అమ్మాయి నేల మీది బొచ్చు ఊడుస్తూ తలెత్తింది.

"మరి రేపు, బాబాయ్?"

"రేపట్నుంచి నువ్వే. నేర్పాను కదమ్మా."

ఆమె కొంగుతో కళ్లు ఒత్తుకుంది. "బొచ్చు పడింది," అంది.

"ఊదనా?" అన్నాడాయన. ఆమె ఏడుస్తూనే పకపకా నవ్వింది.

మర్నాడు ఉదయం ఆయన వేళకే లేచాడు. చెయ్యి అలవాటుగా చొక్కా జేబులోకి వెళ్లి ఖాళీగా వచ్చింది. చొక్కాను పెరట్లోకి తీసుకెళ్లి కోటు బ్రష్షుతో దులిపాడు. ముప్పై ఏళ్ల కుక్కలన్నీ ఊడిపడ్డట్టయింది. ఆ బొచ్చును గోడ మీద పెట్టాడు. పిచ్చుకలు గూళ్లకు మోసుకుపోయాయి. చొక్కా నీలం రంగుది. అది తొడుక్కుని దర్జీ వీధి మీదుగా నడిచాడు.

లోపల మిషను చప్పుడవుతోంది. గడప మీద పిండి బోర్లా పడుకుని ఒక చెవి ఎత్తింది. ఆయన ఆగాడు గానీ పిలవలేదు. గోడ మీద కొలతల టేపుకూ కత్తెరకూ మధ్య, కొత్తగా కొట్టిన మేకుకు దువ్వెన వేలాడుతోంది. దాని వంకర పన్నుకు చిక్కుకున్న తెల్ల వెంట్రుక ఒకటి ఫ్యాను గాలికి ఊగుతోంది.