నూకితే కదలనివాడు

కోరుట్ల కాలేజీ గ్రౌండులో ఆటలు నేర్పే పీడీ సుధాకర్ రావు ఎండాకాలం నుంచీ జలపతిని నూకుతూనే ఉన్నాడు. మల్లాపూర్ పిల్లవాడు, తలుపు దగ్గర వంగందే లోపలికి రాలేనంత పొడుగు. బాస్కెట్‌బాల్ టీముకు సెంటరు. కానీ మోచెయ్యి ఎవరికైనా తగిలితే చాలు, ఆట ఆపి తప్పైందనేవాడు. రింగు కింద అంత మంచితనం పనికిరాదు.

“మోకాళ్లు వంచు. నూకినోని దిక్కు సూడకు, వీపుతోని ఆపు. ఆనెంక ఒక్క నూకుడు నూకి, తిరిగి బాల్ వెయ్యి.”

“వాడు కింద పడితే ఎట్ల సార్?”

“పడనియ్యి. పెండ్లిపిల్లనా ఏంది వాడు?”

వానలు మొదలయ్యేసరికి జలపతి కదలడం మానేశాడు. సిరిసిల్లలో జిల్లా సెలెక్షన్లంటే ఇద్దరూ పొద్దున్నే బస్సెక్కారు. ముందురోజు ఆ దారిలోనే నక్సలైట్ల దళం మందుపాతర పేల్చిందని కండక్టర్ గొంతు తగ్గించి చెప్పాడు. అందుకేనేమో రుద్రంగి రాకముందే, అడవి మలుపులో పోలీసులు బస్సు ఆపారు. మగవాళ్లను దింపి వరుసలో నిలబెట్టసాగారు.

వెనకనుంచి ఒక కానిస్టేబుల్ జలపతి వీపు మీద చెయ్యి వేసి నూకాడు.

జలపతి తిరిగి చూడలేదు. మోకాళ్లు వంగాయి. వీపు బిగిసింది. ఒక్క ఊపు. కానిస్టేబుల్ వెళ్లి బురదలో పడ్డాడు.

తుపాకులన్నీ ఇటు తిరిగాయి.

“ట్రైనింగ్ ఎక్కడైందిరా?” అన్నాడు ఎస్సై.

“కోరుట్లల సార్. మా సారే ఇస్తడు.”

సుధాకర్ రావు ముందుకొచ్చాడు. “బాస్కెట్‌బాల్ సార్. నూకితే కదలొద్దని నేనే నేర్పిన.”

“గట్లనా? సూద్దాం.” ఎస్సై బురద తుడుచుకుంటున్న కానిస్టేబుల్ వైపు తిరిగాడు. “భూమన్నా, మళ్ల నూకు.”

జలపతి కదిలితే చెప్పిందంతా అబద్ధమవుతుంది. కదలకపోతే ఆ మనిషి అందరి ముందూ రెండోసారి ఓడతాడు. పిల్లవాడు సారు వైపు చూశాడు. నిలబడమన్నట్టు సుధాకర్ రావు తలూపాడు.

భూమన్న పరుగున వచ్చి భుజంతో గుద్దాడు. జలపతి అంగుళం జరగలేదు. ఎస్సై నవ్వాడు, పోలీసులు నవ్వారు, వరుసలో ఉన్నవాళ్లూ భయంభయంగా నవ్వారు.

“పో, గెలిచిరా,” అన్నాడు ఎస్సై.

భూమన్న నవ్వలేదు. బస్సు కదిలే ముందు కిటికీ దగ్గరికి వచ్చి జలపతి భుజం తట్టాడు. “వాపస్ ఎన్నడు తమ్మీ?”

సుధాకర్ రావు ఏదో ఒక అబద్ధం చెప్పే లోపే పిల్లవాడు మర్యాదగా చెప్పాడు.

“రేపు పొద్దుగూకంగ సార్. గిదే బస్సుకు.”