కదలని తేదీ

"తేదీలు వేసేది నువ్వే కదమ్మా. నీ తేదీ నువ్వు ముందుకో వెనక్కో జరుపుకోలేవా?" అన్నారు మామగారు రామభద్రరావు, పంచాంగం మూస్తూ.

ఝాన్సీలక్ష్మి పెనం మీద దోసె తిరగేసింది. మల్కాజ్‌గిరిలో కొన్న ఫ్లాట్‌కి శ్రావణ గురువారం గృహప్రవేశం. ముహూర్తం ఆయన కొడుకు నక్షత్రానికి దివ్యంగా కుదిరిందట. కోడలి ఉద్యోగం ఏ రాశిలో ఉందో మాత్రం ఎవరూ చూడలేదు. సరిగ్గా ఆ రోజే ఓ ఆస్పత్రిలో ఆమె కంపెనీ చేసిన కొత్త సాఫ్ట్‌వేర్ మొదలవుతుంది. ఆ పనికి మొదటినుంచీ ప్లాన్ వేసింది ఆమె. ఆ రోజు సజావుగా గడిస్తే ప్రాజెక్ట్ మేనేజర్ని చేస్తామన్నారు. ఏళ్ల తరబడి ఆ మాట కోసమే కాచుకుని ఉంది. ముహూర్తం దేవుడు పెట్టింది, కదలదు. ఆఫీసులో మైలురాయి అని పిలుచుకునే తేదీ ఆడది పెట్టింది, ఎటైనా దొర్లించేయొచ్చు.

"ఆఫీసుదేముంది, గురువారం కాకపోతే శుక్రవారం," అన్నాడు ఆమె భర్త సత్యదేవ్, దోసె తుంచుతూ. అతని ఆఫీసులో ఆడిట్ ఉందని కిందటేడు ఇంటిల్లిపాదీ తిరుపతి ప్రయాణం మానుకున్నారు. అప్పుడు ఎవరూ పంచాంగం తీయలేదు.

మర్నాడు ఆఫీసులో ఆమె పై అధికారి విశ్వతేజ నవ్వుతూ ఎదురొచ్చాడు. "పరేషాన్ గాకండి ఝాన్సీ గారూ. మీ సార్ ఫోన్ చేసిన్రు. ఇంట్ల ఫంక్షన్ ఉందంట కదా. ఆ రోజు మీ టీంల దుర్గేష్ చూసుకుంటడు."

ఆమెకు ఒళ్లు మండిపోయింది. టీంలో ఆలిస్ కాన్పు సెలవు ఎప్పుడో అడిగి, దుర్గేష్ వాళ్ల బోనాలు ఎప్పుడో కనుక్కుని, అందరి బతుకులకూ చోటు వదిలి అల్లుకొచ్చిన ప్లాన్ అది. తన జ్వరానికి మాత్రం అందులో చోటు పెట్టుకోలేదు, మాత్ర వేసుకుని వచ్చింది. అలాంటిది, బడిపిల్లకి సెలవుచీటీ రాసిచ్చినట్టు మొగుడు ఫోన్ చేసి చెప్పేశాడు. పైగా తనకేదో మేలు చేశాననుకుంటూ హాయిగా పడుకుని ఉంటాడు.

"మా ఆయన ఇక్కడ పనిచేయరండీ," అంది. "ఆ రోజు నేనే ఉంటాను. దుర్గేష్‌కి ఇవ్వదలిస్తే నా పని బాగాలేదని ఇవ్వండి. మా ఇంట్లో పూజ ఉందని ఇవ్వకండి."

విశ్వతేజ నవ్వు ఆగింది. "సరే మేడం. మీరే చూస్కోండి. కానీ ఆ రోజు ఏమన్న తేడా వస్తే నన్ననొద్దు."

"అనను."

సాయంత్రం పద్మారావు నగర్‌లో ఇప్పుడుంటున్న ఇంటికి వచ్చి, చెప్పులైనా విడవకుండా చెప్పింది. "గురువారం నేను రాను. ఆఫీసులో ఉంటాను."

"నేను మాట్లాడేశాను కదా," అన్నాడు సత్యదేవ్.

"తెలిసింది. నేనూ మాట్లాడాను."

మామగారు గొంతు సవరించుకున్నారు. అత్తగారు కామేశ్వరమ్మ చిక్కుడుకాయల ఈనెలు తీయడం ఆపేసింది. "ఇంటి కోడలు రాకపోతే ఎలాగే? నలుగురూ ఏమనుకుంటారు? పాలెవరు పొంగిస్తారు?"

ఝాన్సీ అప్పుడు చెప్పులు విడిచింది.

"ఇల్లు ఆయన ఒక్కరి పేరు మీదే రాయించారు కదా, అత్తయ్యగారూ. పాలూ ఆయనే పొంగిస్తారు లెండి."