ఆ మలుపు దగ్గర ఆగలేదు

ఏటా ఆగస్టు రాగానే మా వంటింటి బల్ల మీద పటం పరుస్తాను. దక్షిణాఫ్రికాలో మా ఊరు పార్ల్ నుంచి సముద్రం ఒడ్డున ఉన్న హెర్మానస్ దాకా, సెప్టెంబరు సెలవుల్లో మూడు రోజుల ప్రయాణం. ముప్పై ఏళ్ళు బడిలో భూగోళం చెప్పినవాణ్ణి కాబట్టి ప్రణాళిక వేయడంలో నా తర్వాతే ఎవరైనా. పటం పక్కనే కాగితం మీద వేళలతో సహా రాసేవాణ్ణి. పదింటికి స్టెలెన్‌బాష్‌లో మొదటి వైన్ తోట. పన్నెండింటికి సముద్రం అంచున కొండదారి. ఒకటిన్నరకి బెట్టీస్ బేలో పెంగ్విన్లు. మూడింటికి హెర్మానస్ వెనక లోయలో ఇంకో రెండు తోటలు. మర్నాడు పొద్దున ఊళ్ళో గట్టు మీద కూర్చుని తిమింగలాలు చూడటం. మధ్యలో ఊపిరి తీసుకునే వ్యవధి కూడా ఉండేది కాదు. దాన్ని చూసుకుని మురిసిపోయేవాణ్ణి.

తాగినవాళ్ళు బండి నడపకూడదు కదా. ఆ మూడు రోజులూ బండి నడిపేది నా భార్య ఉర్సులా. మొదటి ఏడాది, కొండదారి మలుపుల్లో నాకు తల తిరుగుతుందని ఒక అబద్ధం ఆడాను. ఆ అబద్ధం ఇరవై ఏడేళ్ళు పనిచేసింది. తోటల్లో రుచి చూడమని వైన్ పోస్తారు. ఆమె ప్రతి గ్లాసూ ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసి, నా ముందుకు జరిపేది. తను ఉప్పు బిస్కెట్లు తింటూ నీళ్ళు తాగేది. నేను తన వాటా కూడా తాగి, ఎర్రబడ్డ ముఖంతో పోసేవాళ్ళకు జోకులు చెప్పేవాణ్ణి. సిగ్గులేనివాణ్ణి.

పోయిన నెల లైసెన్సు కొత్తది చేయించుకోవడానికి వెళ్ళి, ఉర్సులా కంటి పరీక్ష దగ్గరే ఆగిపోయింది. డాక్టరు రెండు కళ్ళూ చూసి, నడిమి చూపు పోతోందనీ, వచ్చే ఏడాదికి అంచులు మాత్రమే మిగులుతాయనీ చెప్పాడు. ఇప్పుడే నన్ను చూడాలంటే నా చెవి వైపు చూస్తుంది.

అందుకే ఈసారి పటం పరిచి, కాగితం మీద ఎప్పటిలాగే వేళలన్నీ రాశాక, కొండదారి దగ్గర కలం ఆపాను. ఆ చూపు కాస్తయినా ఉండగా ఆమెకు ఆ సముద్రం చూపించాలి. నాకు కావలసింది అదొక్కటే.

"ఈసారి బండి నేను నడుపుతా. నువ్వు తాగు," అన్నాను.

"మాస్టారికి తల తిరగదా?"

"తిరగదు. ఎప్పుడూ తిరగలేదు."

కాఫీలో రస్కు ముంచుకుంటూ నవ్వింది. "తెలుసులేవయ్యా. మా అమ్మ పోయిన రోజు బేన్స్‌క్లూఫ్ కనుమలో, అంత వానలో, నువ్వే కదా నడిపింది! అప్పుడు తల తిరగలేదేం?"

"మరి ఇన్నేళ్ళూ అడగలేదేం?"

"ఏడాదికి మూడు రోజులేగా అనుకున్నా. నువ్వు సంతోషంగా ఉండేవాడివి. ఇద్దరిలో ఒక్కళ్ళన్నా చూస్తున్నారు కదా అనుకున్నా."

ఏం చూస్తున్నారని అడగబోయి, పటం మీది ముడత సరిచేశాను.

"ఆ కొండదారిలో నాకు తెలిసింది తెల్లగీత ఒక్కటే, నెవిల్. ఎడమ పక్క కొండ, కుడి పక్క గోడ, ఎదురుగా లారీ. మొదటి ఏడాది ఒక్క నిమిషం ఆగుదామన్నా. పెంగ్విన్లకు ఆలస్యమవుతుందన్నావు. మళ్ళీ అడగలేదు." రస్కు కప్పులో విరిగిపడింది. చెంచాతో వెతుక్కుంది, దొరకలేదు. నేను తీసిచ్చాను. "సరే, ఇప్పుడు రాయి. తల్లి తిమింగలం, పిల్ల తిమింగలం మన కారు పక్కనే ఈదుకుంటూ వచ్చాయే, ఆ మలుపు దగ్గర ఆగుదాం. కోగెల్ బే దాటాక మూడో మలుపా, నాలుగోదా?"

ఆ తల్లీపిల్లల కథ మా చుట్టాలందరికీ వచ్చు. ఏటా క్రిస్మస్ భోజనాల దగ్గర ఉర్సులా అక్కచెల్లెళ్ళకు చేతులు ఊపుతూ చెప్పేవాణ్ణి. పిల్ల తోక ఎలా ఎత్తింది, తల్లి ఎలా పక్కకు ఒరిగింది, అంతా. ఉర్సులా ప్లేట్లు తీస్తూ వినేది. "నేను రోడ్డు చూస్తున్నా, మా ఆయన చూశాడు," అని గర్వంగా అనేది.

"ఏ మలుపో చెప్పవేం? ఆ మాత్రం గుర్తులేదా భూగోళం మాస్టారికి?"

అబద్ధం నోటి దాకా వచ్చింది. మూడోది అంటే సరిపోయేది. ఆమె అక్కడ కారు దిగి, గోడ పట్టుకుని, నేను చూశానన్న చోటు వైపు తల పక్కకు తిప్పి చూసేది. ఆ బొమ్మ కళ్ళముందు కదిలింది.

"నేను చూడలేదు, ఉర్సులా. హోటల్లో పక్క బల్ల వాళ్ళు చెప్పుకుంటుంటే విన్నాను. పదింటికల్లా తాగేవాణ్ణి కదా, కొండదారి మొదలయ్యేసరికి నిద్రపోయేవాణ్ణి. ఒక్క ఏడాది కూడా మేలుకుని లేను."

నా చెవి వైపు చూసింది. తిట్టి ఉంటే బాగుండేది.

"గురక పెట్టేవాడివి. తెలుసు," అంది. "మధ్యమధ్యలో లేచి చూస్తున్నావేమో అనుకునేదాన్ని." కప్పు పక్కకు జరిపింది. "అయితే ఇన్నేళ్ళూ ఆ సముద్రాన్ని ఇద్దరిలో ఎవరమూ చూడలేదన్నమాట."

పదింటి వైన్ తోటను కొట్టేశాను. పెంగ్విన్ల పక్కన రాసిన ఒకటిన్నరను కూడా కొట్టేశాను. కోగెల్ బే దాటాక మొదటి మలుపు దగ్గర "ఆగాలి" అని రాశాను. రెండో దాని దగ్గర కూడా, మూడో దాని దగ్గర కూడా రాశాను.

ఉర్సులా కాగితాన్ని తన వైపు లాక్కుని, తల పక్కకు వంచి, ముఖానికి దగ్గరగా పెట్టుకుంది.

"ఏం రాశావు?" అంది.

కాగితం తీసుకుని, మళ్ళీ పెద్ద అక్షరాలతో రాశాను.