ధనశేఖర్ చెవి

నగరిలో మరమగ్గాల మధ్య ముప్పై ఏళ్లు నిలబడ్డవాడికి అమెరికావాళ్ల జాజ్ సంగీతం పిచ్చి పట్టడమేమిటని అడిగితే ధనశేఖర్ దగ్గర ఒకటే జవాబు. పట్టింది, అంతే. రేణిగుంటలో రైలు గార్డుగా చేసి దిగిపోయిన ఏకాంబరం ఈ జబ్బును అతనికి అంటించాడు. ఏకాంబరానికి రైల్వే ఇన్‌స్టిట్యూట్‌లో డ్యాన్సులకు ట్రంపెట్ ఊదిన ఒక ఆంగ్లో ఇండియన్ డ్రైవరు అంటించాడు. పుత్తూరులో మైకుసెట్లు అద్దెకిచ్చే రవిచంద్రకు వీళ్లిద్దరూ కలిసి అంటించారు. జిల్లా మొత్తమ్మీద ఈ జబ్బు ఉన్నవాళ్లు ముగ్గురే అయ్యుండాలి. నాలుగోవాడు కనబడితే మెడలో దండ వేసి ఎత్తుకొచ్చేవాళ్లే.

ప్రతి ఆదివారం పదకొండింటికి రవిచంద్ర అంగడి మిద్దె మీద, స్పీకరు పెట్టెల నడుమ కూర్చుంటారు. ముందు తగువు. ఏకాంబరం లెక్కలో ట్రంపెట్ ఊదే ఆర్మ్‌స్ట్రాంగ్ తర్వాత పుట్టినవాళ్లంతా పిల్లకాయలు. రవిచంద్ర దగ్గర శాక్సఫోన్ వాయించే కోల్ట్రేన్ పేరు చెప్పులేసుకుని ఎత్తకూడదు. ధనశేఖర్ డ్రమ్ముల మనిషి. తీగల కుంచెతో తోలు మీద మెల్లగా రాస్తే వచ్చే ఆ గరగర కోసం చెవి కోసుకుంటాడు. తగువు ఏనాడూ తేలదు. తేలిపోతే మళ్లీ ఆదివారం ఏం మాట్లాడుకోవాలి?

తగువయ్యాక పందెం. రవిచంద్ర ఎవరికీ చూపించకుండా ఒక రికార్డింగు పెడతాడు. వాయించేదెవరో చెప్పాలి. ఏకాంబరం తల గోక్కుంటుంటే ధనశేఖర్ కళ్లు మూసుకునేవాడు. స్వరం రాకముందే, వాయిద్యంలోకి ఊపిరి పోయే చప్పుడుకే పేరు చెప్పేసేవాడు. పదిహేనేళ్లలో ఒక్కసారీ తప్పలేదు. "ఈయప్పది చెవి గాదు, ముక్కు. వాసన పట్టేస్తాడు" అనేవాడు ఏకాంబరం.

ఆ చెవి పోయి రెండేళ్లయింది. ముందు కుంచెల గరగర పోయింది. తర్వాత కుక్కరు కూత పోయింది, ఫోను మోత పోయింది. ముప్పై ఏళ్లు విన్న మగ్గాల రొద ఊరికే పోలేదు, చెవిలోంచి సన్నని శబ్దాలన్నీ ఎత్తుకుపోయింది. కిందిస్థాయిలో మోగే బేస్ తీగలూ, డ్రమ్ము దెబ్బా, లావుపాటి గొంతులూ మాత్రం ఇంకా అందుతున్నాయి. ఇంట్లోవాళ్లకు కూడా ఈ సంగతి తెలియదు. మగ్గాల షెడ్డులో ఎవరి మాటా ఎవరికీ వినబడదు కాబట్టి అక్కడ పెరిగినవాళ్లందరికీ పెదాలు చూసి మాట పట్టుకోవడం వచ్చు. మనిషి ఎదురుగా ఉంటే చాలు, ధనశేఖర్‌కు అక్షరం పొల్లుపోదు. డాక్టరు దగ్గరికి పోలేదు. పోతే ఆయన కాగితం మీద రాసిస్తాడు, రాస్తే నిజమైపోతుందని భయం.

పందెం సంగతేమిటంటారా? మొదట్లో ఏకాంబరం తొడ మీద వేసే తాళం చూసి, రవిచంద్ర పెట్టే పాటల వరస గుర్తుపెట్టుకుని నెట్టుకొచ్చాడు. తర్వాత అంతకంటే మంచి ఉపాయం దొరికింది. పేరు తట్టకపోతే తిట్టేయడమే. మెచ్చుకుంటే ఎందుకు నచ్చిందని అడుగుతారు, తిడితే ఎవరూ అడగరు. పైగా గౌరవం పెరుగుతుంది. ఎంత సిగ్గుమాలిన పనో తెలుసు. కానీ ఆ చెవి తప్ప తనకంటూ ఇంకేమీ లేదని కూడా తెలుసు.

ధనశేఖర్ కూతురు లోహిత తిరుపతి సంగీత కళాశాలలో ఫ్లూట్ నేర్చుకుంది. నేర్చుకున్నది కర్ణాటక సంగీతమైనా, నాయన పక్కన కూర్చుని విన్నది జాజ్. కొన్నాళ్లుగా చెన్నైలో ఒక బేస్ వాయించే అతనితోనూ, ఒక డ్రమ్మరుతోనూ కలిసి వాయిస్తోంది. ఎవరెంత పొగిడినా ఒకటే మాట. "మా నాయన బాగుందనాల." ధనశేఖర్ చెవులు బాగున్న రోజుల్లో కూడా ఉత్త పుణ్యానికి మెచ్చుకునే మనిషి కాదు. ఈ రెండేళ్లూ ఆ పిల్ల సాధన చేస్తుంటే ఎదురుగా కూర్చుని, వేళ్లు చూసి తలూపి, "ఇంకా రావాల" అనేవాడు. ఏదో ఒకటి అనాలి కాబట్టి అనేవాడు. ఆ పిల్ల ఇంకో రెండు గంటలు కూర్చునేది.

ఆ ఆదివారం రవిచంద్ర ముఖంలో ఏదో దాచిపెట్టిన నవ్వు ఉంది. ఏకాంబరం కూడా ముసిముసిగా నవ్వుతున్నాడు.

"ఈపొద్దు పెట్టేది కొత్తది. ఎవురో నువ్వే చెప్పల్ల" అన్నాడు రవిచంద్ర.

తనను పట్టేసుకోవడానికి వీళ్లు పన్నాగం పన్నారని ధనశేఖర్‌కు అనుమానం వచ్చింది. పాట మొదలైంది. బేస్ తీగ మోగింది. డ్రమ్ము తట్టాడెవడో. ఆ పైన ఫ్లూట్ ఉన్నట్టుంది, కింది స్వరాల్లోకి దిగినప్పుడు నీడలాగా తగిలి పోతోంది. మిగతా అంతా ఖాళీ. స్నేహితులిద్దరి ముఖాలూ వెలిగిపోతున్నాయి. ఫ్లూట్ అనగానే కూతురు గుర్తుకు రావద్దా? రాలేదు. దొరకకుండా బయటపడటం ఒక్కటే బుర్రలో ఉంది.

పాట అయిపోయినాక పాత ఉపాయమే ఎత్తుకున్నాడు.

"బేసోడు మంచి పనోడు. డ్రమ్ములోడు పర్వాలేదు. పైన ఊదేదెవురప్పా? దాంట్లో ఊపిరే లేదే. గొట్టంలోకి గాలి పంపిస్తే పాటయిపోతుందా? ముందర నిలబడి వాయించేదానికి ఒక యోగ్యత ఉండాల. ఇట్లాటోళ్లు దాన్ని ఆడ పెట్టేసి ఇంకేదన్నా పని సూసుకుంటే వాళ్లకూ మంచిది, వినేవోళ్లకూ మంచిది."

ఏకాంబరం కళ్లద్దాలు తీసేశాడు. "ధనశేఖరా, ఆపప్పా" అని అతని పెదాలు కదిలాయి. ఇద్దరూ ధనశేఖర్ భుజం మీదుగా వెనక్కి చూస్తున్నారు.

ధనశేఖర్ తిరిగి చూశాడు. మిద్దె మెట్ల దగ్గర, చేతిలో మైసూరుపాకు డబ్బాతో లోహిత నిలబడి ఉంది.

"మా రికార్డింగే నాయనా. మొన్న చెన్నైలో చేసినాము. నువ్వు పేరు తెలీకుండా వింటే నిజం చెప్తావని నేనే పెట్టమన్నా" అంది. నవ్వడానికి ప్రయత్నించింది. "పర్వాలేదులే. నిజమే చెప్పినావు."

అక్కడే చెప్పేయాల్సింది. నాకు చెవుడు, నేనేమీ వినలేదు, నోరు పారేసుకున్నాను అని ఆ ఇద్దరి ముందరే కుండ బద్దలు కొట్టేయాల్సింది. ధనశేఖర్ నోరు తెరిచాడు కూడా. ఏకాంబరం చూస్తున్నాడు, రవిచంద్ర చూస్తున్నాడు. పదిహేనేళ్ల పరువు అడ్డం వచ్చింది. లేచి చెప్పులు తొడుక్కున్నాడు. ఇంతకంటే పాపం చేసినవాళ్లు ఉంటారేమో గానీ ఆ క్షణంలో అతనికి మాత్రం ఎవరూ కనబడలేదు.

నగరికి బస్సెక్కారు. లోహిత కిటికీవైపు ముఖం తిప్పుకుని కూర్చుంది. ఏమైనా మాట్లాడిందో లేదో కూడా ధనశేఖర్‌కు తెలియదు. అరగంటసేపు ఆ పిల్ల జడ చూస్తూ కూర్చున్నాడు.

ఇంటికి రాగానే మంచినీళ్లు తాగి, "తిరుపతిలో ఆ బళ్లో పాటల టీచరుగా పిలిచినారు గదా, చేరతానని బస్సులోనే ఫోను చేసి చెప్పేసినా. చెన్నైవాళ్లకు రానని మెసేజి పెట్టేసినా" అంది లోహిత. "రికార్డింగు విని నువ్వేమంటావో సూసి తేల్చుకుందామనుకున్యా. తేలిపోయింది."

అప్పుడు చెప్పాడు ధనశేఖర్. కుంచెల గరగర దగ్గర్నుంచి మొదలుపెట్టి అంతా చెప్పాడు. పెదాలు చూసి మాట్లాడుతున్న సంగతి, తాళం చూసి పేర్లు చెప్పిన సంగతి, తిట్టి తప్పించుకున్న సంగతి. ముఖం కాలిపోతున్నా ఆపలేదు.

"నీ ఫ్లూటు నాకు వినబడలేదమ్మా. రెండేండ్లుగా వినబడలేదు. ఒట్టు."

లోహిత అతని ముఖంలోకి చూసింది. ఆ చూపులో కోపం లేదు, జాలి ఉంది.

"నన్ను ఊరడించేదానికి నీ చెవిని తక్కువ చేసుకోవద్దు నాయనా. ఇప్పుడు నేను మాట్లాడేదంతా వినబడతా ఉండాది గదా? బేసోణ్ణీ డ్రమ్ములోణ్ణీ సరిగ్గానే పట్టుకున్యావు. నా ఒక్కదానిదే వినబడలేదా?"

"అంతేనమ్మా, సన్నంది వినబడదు. నమ్మకపోతే పరీక్ష పెట్టు. నేను గోడపక్కకు తిరుక్కుంటా. నువ్వు పైస్థాయిలో వాయించు. నాకు వినబడితే అడుగు."

లోహిత తలూపింది. సంచి ఒళ్లోకి తీసుకుంది. ధనశేఖర్ గోడవైపు తిరిగాడు.

సున్నం పెచ్చులూడిన గోడను చూస్తూ నిలబడ్డాడు. ఏమీ వినబడలేదు. చెవులు రిక్కించాడు. అయినా ఏమీ లేదు. జన్మలో మొదటిసారి వినబడనందుకు సంతోషించాడు. వెనక తన బిడ్డ వాయిస్తోంది, ఎంత బాగా వాయిస్తోందో ఏమో, ఆ వేళ్లు ఎట్లా పోతున్నాయో అనుకుంటుంటే ఏడుపు వచ్చింది. ఆ పిల్లకు నమ్మకం కుదరాలని చాలాసేపు అట్లాగే ఉన్నాడు. చివరికి ఇటు తిరిగాడు.

"సూసినావా? ఏమీ వినబడలా" అన్నాడు.

ఫ్లూట్ సంచి లోహిత ఒళ్లోనే ఉంది. దాని జిప్పు కూడా తీయలేదు.

"తియ్యబుద్ధి కాలేదు నాయనా" అంది ఆ పిల్ల. "నేను వాయించలేదు, నువ్వు వినబడలేదనే చెప్పినావు. నీ చెవి ఎప్పుడు తప్పింది గనక?"

"లేదమ్మా, అది గాదు, ఇంకొక్కసారి... ఈసారి నిజంగా వాయించు" అని బతిమాలాడు ధనశేఖర్. చేతులు పట్టుకోబోయాడు.

లోహిత లేచి, ఏదో అంటూ లోపలికి పోయింది. ముఖం అటువైపు ఉంది కాబట్టి ఆ మాటేమిటో అతనికి తెలియలేదు.